అమెరికాలో పోలీసు సర్టిఫికేట్ రద్దు చేయమని రాష్ట్రానికి మనం ఫిర్యాదు పెట్టవచ్చా? పెడితే ఎలా?

మీ ప్రశ్నను నా మాటల్లో చెప్తాను. 2023 జనవరి 23న వాషింగ్టన్ రాష్ట్రంలోని సియాటిల్‌లో రోడ్డు దాటుతున్న ఆదోని అమ్మాయిని పోలీసు కారు ఢీకొట్టింది, ఆమె చనిపోయింది. కారు నడిపిన అధికారిని 2025 జనవరిలో ఉద్యోగం నుంచి తీసేశారు. ఆమె చావు గురించి ఫోన్‌లో నవ్వుతూ మాట్లాడుతూ తన బాడీ కెమెరాకే చిక్కిన మరో అధికారిని 2024 జులైలో తీసేశారు. ఇలా తీసేసినవాళ్లు పక్క ఊళ్లో మళ్లీ పోలీసుగా చేరితే ఆపేదెవరు, మనలాంటి మామూలు వాళ్లు ఫిర్యాదు పెట్టవచ్చా, ఇండియాలో ఉన్న తల్లిదండ్రులు పెట్టవచ్చా అని అడిగారు.

సూటిగా జవాబు: ఉద్యోగం తీసేసేది ఊరు, సర్టిఫికేట్ రద్దు చేసేది రాష్ట్రం. ఇవి రెండూ వేర్వేరు పనులు, ఒకటి జరిగితే రెండోది దానంతటదే జరగదు. సర్టిఫికేట్ రద్దయితేనే ఆ రాష్ట్రంలో ఇక పోలీసుగా పనిచేయడం కుదరదు. వాషింగ్టన్ రాష్ట్రంలో 2021 నుంచి ఎవరైనా నేరుగా రాష్ట్ర కమిషన్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టవచ్చు. ఆ రాష్ట్ర పౌరుడై ఉండాలనే షరతు లేదు. ఖర్చు లేదు, లాయరు తప్పనిసరి కాదు. అయితే ఎలా రాస్తే అక్కడ నిలబడుతుందన్నదే అసలు సంగతి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఈ తేడా మనవాళ్లకి ఎందుకు తట్టదంటే

మన దగ్గర పోలీసులంతా రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు. ఆంధ్రప్రదేశ్‌లోనైనా తెలంగాణలోనైనా కానిస్టేబుల్‌ని తీసుకునేది రాష్ట్ర రిక్రూట్‌మెంట్ బోర్డు, తీసేసేదీ ఆ ప్రభుత్వమే. రాజ్యాంగం 311వ అధికరణ ప్రకారం విచారణ జరిపి 'డిస్మిస్' చేస్తే మామూలుగా ఇక ఏ ప్రభుత్వ ఉద్యోగానికీ పనికిరాడు. 'రిమూవల్' అయితే ఆ అడ్డు ఉండదు. ఏదైనా యజమాని ఒక్కడే కాబట్టి ఇక్కడ తీసేసినవాడు పక్క జిల్లాలో ఖాకీ తొడుక్కుని కనపడటం జరగదు. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు పెట్టమన్న పోలీసు కంప్లయింట్స్ అథారిటీలు కూడా క్రమశిక్షణ గురించే తప్ప సర్టిఫికేట్ గురించి కాదు. మన దేశంలో పోలీసుకి అలాంటి కాగితమే లేదు.

అమెరికాలో ఊరికో పోలీసు శాఖ, కౌంటీకో (మన జిల్లా లాంటిది) షెరిఫ్ ఆఫీసు, యూనివర్సిటీకో పోలీసు శాఖ ఉంటాయి. అన్నీ కలిపితే దాదాపు 18,000. ప్రతిదీ వేరే యజమాని. ఒక ఆసుపత్రి డాక్టరుని పనిలోంచి తీసేస్తే ఆయన ఇంకో ఆసుపత్రిలో చేరవచ్చు, మెడికల్ కౌన్సిల్ లైసెన్సు తీసేస్తే మాత్రం ఎక్కడా చేరలేడు. అమెరికన్ పోలీసుల విషయంలో ఆ కౌన్సిల్ పని చేసేది రాష్ట్ర స్థాయి కమిషన్. చాలా రాష్ట్రాల్లో దాన్ని 'పోస్ట్' అంటారు. టెక్సస్‌లో టీకోల్ అంటారు. వాషింగ్టన్‌లో క్రిమినల్ జస్టిస్ ట్రైనింగ్ కమిషన్, ఆఫీసు సియాటిల్ పక్కనే బురియన్‌లో ఉంది.

ఈ కమిషన్ కదలకపోతే ఏమవుతుందో చెప్పడానికి తమీర్ రైస్ కేసు ఒక్కటి చాలు. 2014 నవంబరులో ఒహాయోలోని క్లీవ్‌లాండ్‌లో బొమ్మ తుపాకితో ఆడుకుంటున్న ఆ పన్నెండేళ్ల పిల్లాడిని కాల్చిన అధికారి అంతకుముందు ఇండిపెండెన్స్ అనే చిన్న ఊరి శాఖలో పనిచేశాడు. ఇతను ఈ పనికి పనికిరాడని అక్కడి పై అధికారి రాసిన కాగితం ఫైల్లోనే ఉంది. క్లీవ్‌లాండ్ వాళ్లు ఆ ఫైలు తెప్పించుకుని చూడలేదు. 2017లో అతన్ని తీసేశారు, అదీ దరఖాస్తులో అబద్ధాలు రాశాడని. ఆ తర్వాత 2022లో పెన్సిల్వేనియాలో ఒక ఊరు, 2024లో వెస్ట్ వర్జీనియాలో ఇంకో ఊరు అతన్ని మళ్లీ పోలీసుగా తీసుకున్నాయి. రెండుచోట్లా జనం గొడవ చేశాకే బయటికి వెళ్లాడు. ఆపింది జనం, వ్యవస్థ కాదు. సియాటిల్ కేసులో కారు నడిపిన అధికారిని కూడా 2013లో అరిజోనాలోని టూసాన్ శాఖ తొలగించిందనీ, 2019లో సియాటిల్ తీసుకుందనీ అక్కడి పత్రికలు రాశాయి. మీ భయం ఉత్తిది కాదు.

సర్టిఫికేట్ అంటే ఏమిటి, ఎలా వస్తుంది

వాషింగ్టన్ వరకు చెప్తాను. ముందు ఏదో ఒక శాఖ ఉద్యోగం ఇస్తానని షరతు మీద ఒప్పుకోవాలి. తర్వాత నేర చరిత్ర, మానసిక పరీక్ష, పాలిగ్రాఫ్, సోషల్ మీడియా, తీవ్రవాద సంఘాలతో సంబంధాలు, అన్నీ చూడాలి. ఇంతకుముందు ఎక్కడైనా పోలీసుగా చేసి ఉంటే అక్కడి క్రమశిక్షణ ఫైలు మొత్తం తెప్పించుకోవాలి. పాత శాఖ 30 రోజుల్లో ఇవ్వాలి. కోర్టులో ఇతని సాక్ష్యం నమ్మలేమని ప్రాసిక్యూటర్లు పెట్టుకునే జాబితా ఒకటుంటుంది, 'బ్రేడీ జాబితా' అంటారు. అందులో పేరుందేమో కూడా అడగాలి. చేరిన ఆరు నెలల్లోపు అకాడమీలో శిక్షణ మొదలవ్వాలి, మొత్తం 720 గంటలు. అది పూర్తయ్యాకే సర్టిఫికేట్. దాన్ని నిలుపుకోవడానికి ఏటా 24 గంటల శిక్షణ, మూడేళ్లకోసారి 40 గంటలు ఘర్షణ తగ్గించే శిక్షణ తప్పనిసరి. పోలీసు ఉద్యోగం మానేసి 24 నెలలు దాటితే సర్టిఫికేట్ మురిగిపోతుంది, మళ్లీ తంటాలు పడాలి.

జైళ్లలో పనిచేసే కరెక్షన్స్ అధికారులకు కూడా ఇప్పుడు ఇదే కమిషన్ సర్టిఫికేట్ ఉంటుంది. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ పోలీసులూ ఇందులోకే వస్తారు. క్యాంపస్‌లో ఏదైనా జరిగితే మన విద్యార్థులు డీన్ ఆఫీసుకి వెళ్లి ఊరుకుంటారు, కమిషన్‌కి కూడా వెళ్లవచ్చని తెలియదు. అపార్ట్‌మెంట్ దగ్గరుండే ప్రైవేటు సెక్యూరిటీ గార్డుల సంగతి వేరు, వాళ్ల లైసెన్సు వేరే శాఖ చూస్తుంది.

2021లో ఏం మారింది

అంతకుముందు వాషింగ్టన్ కమిషన్‌కి కోరలు తక్కువ. శాఖ వాళ్లే అధికారిని తొలగించి, తొలగించామని చెప్తేనే చాలావరకు కేసు కదిలేది. జనం నేరుగా ఫిర్యాదు పెట్టే దారి లేదు. దాంతో అందరికీ తెలిసిన కిటుకు ఒకటి నడిచేది. విచారణ ముదరగానే అధికారి రాజీనామా ఇచ్చేవాడు, శాఖ ఫైలు మూసేసేది, అతను ఇంకో ఊళ్లో చేరిపోయేవాడు.

2021లో వచ్చిన సెనేట్ బిల్లు 5051 ఈ కిటుకును కట్టేసింది. ఆ జులై నుంచి అమల్లో ఉన్న ముఖ్యమైన సంగతులు ఇవి. అధికారి ఏ కారణంతో వెళ్లిపోయినా శాఖ 15 రోజుల్లో కమిషన్‌కి చెప్పాలి. బలప్రయోగంలో ఎవరైనా చనిపోయినా, తీవ్రంగా గాయపడినా, అధికారి మీద క్రిమినల్ కేసు పడినా అదే 15 రోజులు. రాజీనామా ఇచ్చి పోయినా శాఖ విచారణను పూర్తి చేయాల్సిందే. చెప్పకుండా దాచినా, తప్పు చెప్పినా 10,000 డాలర్ల దాకా జరిమానా. ఉద్యోగం వదిలాక కనీసం పదేళ్లు ఫైలు భద్రంగా ఉంచాలి.

నా దృష్టిలో ఆ చట్టంలో అన్నిటికంటే విలువైన మాట వేరే ఉంది. శాఖ ఏం చేసినా, ఏం చేయకపోయినా, దాని మీద అప్పీలులో ఏం తేలినా కమిషన్ తన నిర్ణయం తాను తీసుకోవచ్చు అన్నది. ఎందుకంటే అమెరికాలో పోలీసు యూనియన్ ఒప్పందాల్లో ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బయట మధ్యవర్తి తీర్పు, ఉంటుంది. చీఫ్ తీసేసిన అధికారి ఆర్బిట్రేటర్ దగ్గరికి వెళ్లి, శిక్ష మరీ ఎక్కువైందనిపించుకుని, పాత జీతంతో సహా వెనక్కి రావడం కొత్తేమీ కాదు. ఆర్బిట్రేటర్ ఉద్యోగం ఇప్పించగలడు, రాష్ట్రం రద్దు చేసిన సర్టిఫికేట్ ఇప్పించలేడు. సర్టిఫికేట్ లేనిదే ఆ ఉద్యోగం చేయడం కుదరదు. కుటుంబాలు "తీసేశారు కదా, న్యాయం జరిగింది" అని ఊరుకోకూడదని నేను గట్టిగా చెప్పేది అందుకే.

రుజువు ప్రమాణం కూడా మారింది. ముందు చాలా స్పష్టమైన, బలమైన రుజువు అడిగేవారు. ఇప్పుడు 'జరగలేదు అనడం కంటే జరిగింది అనడమే ఎక్కువ నమ్మదగ్గది' అన్న స్థాయి చాలు. క్రిమినల్ కోర్టులో నిలబడని కేసు ఇక్కడ నిలబడవచ్చు. ప్రాసిక్యూటర్ కేసు వేయనన్నాడని నిరుత్సాహపడి వదిలేయకండి.

ఏ కారణాల మీద రద్దు చేస్తారు

ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. చట్టంలో, అంటే వాషింగ్టన్ రాష్ట్ర చట్టాల సంపుటి ఆర్‌సీడబ్ల్యూ 43.101.105లో, కారణాలు రెండు తరగతులు.

మొదటిది తప్పనిసరి రద్దు. ఫెలనీ (తీవ్ర నేరం) శిక్ష, గృహహింస నేరం, లైంగిక నేరాలు, తుపాకి పట్టుకునే హక్కు కోల్పోవడం ఇందులోకి వస్తాయి. చట్టానికి విరుద్ధంగా బలప్రయోగం చేసి చావుకో తీవ్ర గాయానికో కారణమయ్యాడని తేలి ఉద్యోగం పోవడం, తోటి పోలీసు అలా చేస్తుంటే చూస్తూ ఆపకపోవడం, అబద్ధపు రిపోర్టు రాయడం, సాక్ష్యం దాచడం కూడా. వీటిలో ఏదైనా రుజువైతే కమిషన్‌కి వేరే దారి లేదు.

రెండోది కమిషన్ విచక్షణ. శాఖ నియమాలకు విరుద్ధంగా బలప్రయోగం, లైంగిక వేధింపు, జాతి మతం లాంటివాటి మీద వివక్ష చూపే మాటలు చేతలు, పదవిని సొంత లాభానికి వాడుకోవడం, తీవ్రవాద సంఘాలతో సంబంధం, ఏ రాష్ట్రంలోనైనా సస్పెండ్ కావడం లేదా తొలగింపునకు గురికావడం ఇందులో ఉంటాయి. వీటితో పాటు ఒక పెద్ద గంప లాంటి కారణం ఉంది. వృత్తి నైతిక ప్రమాణాలకు తగని, పోలీసు వ్యవస్థ మీద జనం నమ్మకాన్ని దెబ్బతీసే, చేసిన ప్రమాణాన్ని నిలబెట్టుకోలేడని చూపించే ప్రవర్తన. ఈ తరగతిలో కమిషన్ రద్దు చేయవచ్చు, కొంతకాలం సస్పెండ్ చేయవచ్చు, ప్రొబేషన్‌లో పెట్టవచ్చు, మళ్లీ శిక్షణకు పంపవచ్చు.

ఇప్పుడు మీరడిగిన కేసుకు అన్వయిద్దాం. డ్రగ్స్ ఎక్కువై పడిపోయారన్న కాల్‌కి వెళ్తూ 25 మైళ్ల వేగపరిమితి ఉన్న వీధిలో కారు గంటకు 74 మైళ్ల దాకా పోయింది. మనకి అది ఘోరం. కానీ చట్టం దృష్టిలో అది 'బలప్రయోగం' కాదు, డ్రైవింగ్. కాబట్టి చావు జరిగిందన్న కారణంతో తప్పనిసరి తరగతిలోకి రాదు. 2024 ఫిబ్రవరిలో సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీ ప్రాసిక్యూటర్ ఫెలనీ కేసు వేయలేనన్నారు, చివరికి సిటీ అటార్నీ ఇచ్చింది 5,000 డాలర్ల ఇన్‌ఫ్రాక్షన్, అంటే ట్రాఫిక్ జరిమానా, మాత్రమే. అది నేరశిక్ష కింద లెక్కకు రాదు. కాబట్టి ఇలాంటి కేసులో ఫిర్యాదు నిలవాలంటే విచక్షణ తరగతి మీద నిలవాలి. శాఖ తొలగించిందన్న సంగతి, ఏయే నియమాలు ఉల్లంఘించాడని శాఖ తేల్చిందో ఆ పత్రం, జనం నమ్మకం దెబ్బతిన్నదన్న వాదన, ఈ మూడూ కావాలి. నవ్విన అధికారి విషయంలో ఇంకా సూటిగా ఉంటుంది. అక్కడ ప్రవర్తనే కెమెరాలో ఉంది, ఆ మాటలు ఏ కారణం కిందికి వస్తాయో చూపిస్తే చాలు.

ఎవరి సర్టిఫికేట్ ఇప్పుడు ఏ స్థితిలో ఉందో ఎవరినీ అడగక్కర్లేదు. కమిషన్ వెబ్‌సైట్‌లో అందరికీ తెరిచి ఉన్న డేటాబేస్ ఉంది. పేరు కొడితే కేసు తెరిచారా, ఏ దశలో ఉంది, ఏం తేలింది కనపడుతుంది. ఫిర్యాదు రాసే ముందు అది చూడండి. కేసు అప్పటికే తెరిచి ఉంటే కొత్త ఫిర్యాదు కంటే ఆ కేసు నంబరు వేసి మీ దగ్గరున్న కొత్త ఆధారం పంపడం ఎక్కువ పనికొస్తుంది.

ఫిర్యాదుకి ముందు పోగుచేయాల్సినవి

అధికారి పేరు, బ్యాడ్జి లేదా సీరియల్ నంబరు, శాఖ పేరు, తేదీ, సమయం, చోటు, ఇన్సిడెంట్ నంబరు. పేరు తెలియకపోతే టికెట్ మీద గానీ అరెస్టు కాగితం మీద గానీ ఉంటుంది. అదీ లేకపోతే తేదీ, సమయం, చోటు ఇస్తే శాఖ రికార్డుల్లో దొరుకుతుంది.

బాడీ కెమెరా వీడియో అన్నిటికంటే ముఖ్యం. రాష్ట్ర పబ్లిక్ రికార్డ్స్ చట్టం కింద శాఖకే అభ్యర్థన పెట్టాలి. అయిదు పనిదినాల్లో ఏదో ఒక జవాబు ఇవ్వాలి. "ఫలానా నెలలో తీసిన వీడియోలన్నీ ఇవ్వండి" అంటే పక్కన పడేస్తారు. సంబంధిత వ్యక్తి పేరో, కేసు నంబరో, తేదీ-సమయం-చోటో, అధికారి పేరో, ఈ నాలుగింటిలో ఒకటి స్పష్టంగా ఇవ్వాలి. ఇంకో సంగతి: వీడియోలో మొహాలు మసకచేయడానికి అయ్యే ఖర్చు అడిగినవాళ్ల మీద వేస్తారు, ఆ ఘటనలో నేరుగా ఉన్న మనిషి గానీ వాళ్ల లాయరు గానీ అడిగితే వేయకూడదు. స్నేహితుడి చేత అడిగించి వందల డాలర్ల బిల్లు చూసి వెనక్కి తగ్గినవాళ్లున్నారు. ఘటనలో ఉన్నది మీరైతే మీ పేరు మీదే అడగండి. నెలల తరబడి ఆగకండి, నిల్వ గడువు దాటితే వీడియో చెరిపేస్తారు.

ఎలా రాయాలి

నాకు చూపించడానికి తెచ్చే ఫిర్యాదుల్లో చాలావాటిలో ఉండే వాక్యం ఇలా ఉంటుంది: "ఆ అధికారి నాతో చాలా దురుసుగా, జాత్యహంకారంతో ప్రవర్తించాడు. నేను తీవ్ర మానసిక క్షోభకు గురయ్యాను. అతని మీద కఠిన చర్య తీసుకోగలరు." ప్రతి మాటా నిజమే కావచ్చు. కానీ దర్యాప్తు అధికారి చేతికి ఇందులో పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

అదే సంగతిని ఇలా రాసి చూడండి (ఇది నమూనా మాత్రమే): "మార్చి 14 రాత్రి 9.40కి, ఫలానా వీధి మూల దగ్గర అధికారి నా కారు ఆపాడు. ఇన్సిడెంట్ నంబరు ఇది. వీడియోలో 4 నిమిషాల 10 సెకన్ల దగ్గర 'మీ దేశానికి పో' అన్నాడు. రిపోర్టు రెండో పేజీలో నేను కారు దిగడానికి నిరాకరించానని రాశాడు. వీడియోలో 5 నిమిషాల 30 సెకన్ల దగ్గర చెప్పిన వెంటనే దిగడం కనపడుతుంది. మొదటిది జాతి వివక్షతో కూడిన ప్రవర్తన, రెండోది తప్పుడు రిపోర్టు."

తేడా గమనించండి. మొదటి ఫిర్యాదు మీకు కలిగిన బాధ చెప్తుంది. రెండోది అధికారి చేసిన పని, అది ఎక్కడ రుజువవుతుందో ఆ చోటు, అది చట్టంలో ఏ కారణమో చెప్తుంది. పైగా తప్పుడు రిపోర్టు అన్న రెండో ఆరోపణ మొదటిదానికంటే బలమైనది, ఎందుకంటే శాఖ కూడా అది తేల్చి తొలగిస్తే అది తప్పనిసరి రద్దు తరగతిలోకి పోతుంది. మనవాళ్లు అవమానం దగ్గరే ఆగిపోయి రిపోర్టు తెప్పించుకుని వీడియోతో పోల్చి చూడరు. రిపోర్టు, వీడియో రెండూ పక్కపక్కన పెట్టుకుని వాక్యం వాక్యం చూడండి. బలమైన ఫిర్యాదులు చాలావరకు అక్కడ పుడతాయి.

రెండు పేజీలు మించకుండా రాయండి. ఒక్కో ఘటనకి ఒక్కో పేరా. ఇంగ్లిష్ గొప్పగా ఉండక్కర్లేదు, పొట్టి వాక్యాలు చాలు. మీరు కళ్లారా చూసింది, వేరేవాళ్లు చెప్పింది విడదీసి రాయండి. సాక్షుల పేర్లు, ఫోన్ నంబర్లు వాళ్లని అడిగి చేర్చండి.

ఒక గట్టి హెచ్చరిక. మీ మీద అదే ఘటనలో క్రిమినల్ కేసు నడుస్తుంటే, మీ డిఫెన్స్ లాయరుకు చూపించకుండా ఒక్క వాక్యం కూడా పంపకండి. ఫిర్యాదులో రాసింది రేపు మీ మీద వాడవచ్చు. వీసా మీద ఉన్నవాళ్లకి క్రిమినల్ కేసు ఫలితం ఇమిగ్రేషన్‌కి కూడా తగులుతుంది కాబట్టి ఇంకా జాగ్రత్త.

పెట్టాక ఏం జరుగుతుంది

ముందు కమిషన్ సిబ్బంది ఇది తమ పరిధిలోకి వస్తుందా అని చూస్తారు. టికెట్ తప్పు వేశాడు, కాల్ చేస్తే ఆలస్యంగా వచ్చాడు, ఎఫ్‌ఐఆర్ లాంటి రిపోర్టు రాసుకోలేదు, ఇలాంటివి ఇక్కడే ఆగిపోతాయి. పరిధిలో ఉంటే శాఖ చేస్తున్న విచారణ పూర్తయ్యే దాకా తరచూ ఆగుతారు. ఆగాలని నియమం లేదు గానీ అక్కడి కాగితాలు వీళ్లకి అవసరం. ఆధారం సరిపోతే 'స్టేట్‌మెంట్ ఆఫ్ చార్జెస్', అంటే ఆరోపణల పత్రం, జారీ అవుతుంది. అధికారి 60 రోజుల్లో విచారణ కోరాలి. కోరకపోతే అతని తరఫు వాదన లేకుండానే ఆదేశం ఇవ్వవచ్చు.

విచారణకి అయిదుగురి ప్యానెల్ కూర్చుంటుంది. వేరే శాఖకి చెందిన చీఫ్ లేదా షెరిఫ్ ఒకరు, అనుభవమున్న కింది స్థాయి పోలీసు ఒకరు, కమిషన్‌లోని పౌర సభ్యుడు ఒకరు, పోలీసు-లాయరు-జడ్జి కాని మామూలు పౌరుడు ఒకరు, పోలీసు జవాబుదారీతనం మీద పనిచేసిన నిపుణుడు ఒకరు. అంటే పోలీసులు ఇద్దరు, బయటివాళ్లు ముగ్గురు. పోలీసులే పోలీసుల్ని విచారిస్తారన్న మాట ఈ ప్యానెల్‌కి వర్తించదు. దాని నిర్ణయం మీద అధికారి కోర్టుకి వెళ్లవచ్చు.

ఇదంతా నెలల్లో తేలదు, ఏళ్లు పట్టవచ్చు. ఈలోగా అధికారి పనిచేస్తూనే ఉండవచ్చు. క్రిమినల్ కేసు లాంటి తీవ్ర పరిస్థితుల్లో మాత్రం కమిషన్ ముందుగానే సస్పెండ్ చేయగలదు.

ఒక తలుపు కొడితే మిగతావి తెరుచుకోవు

సియాటిల్‌లో ఆఫీస్ ఆఫ్ పోలీస్ అకౌంటబిలిటీకి, అంటే ఓపీఏకి, ఫిర్యాదు పెట్టినవాళ్లు రాష్ట్రానికి కూడా పెట్టినట్టే అనుకుంటారు. కాదు. ఓపీఏ ఊరి సంస్థ, అది విచారించి సిఫారసు చేస్తుంది, శిక్ష చీఫ్ చేతిలో ఉంటుంది. నేరశిక్ష కావాలంటే ప్రాసిక్యూటర్. నష్టపరిహారం కావాలంటే ఊరికి ముందు క్లెయిమ్ ఫారం ఇచ్చి, 60 రోజులు ఆగి, తర్వాత కోర్టు. దీనికి గడువు సాధారణంగా మూడేళ్లు, ఇది మాత్రం లాయరుతోనే చేయండి. కమిషన్ ఒక్క డాలరు ఇప్పించదు, జైలుకి పంపదు, క్షమాపణ చెప్పించదు. అది చూసేది ఈ మనిషి ఇక బ్యాడ్జి పెట్టుకోవడానికి తగినవాడా కాదా అన్న ఒక్క ప్రశ్నే.

వేరే రాష్ట్రాల్లో

మనవాళ్లు ఎక్కువగా ఉన్నవాటి గురించి టూకీగా. కాలిఫోర్నియాకి 2003లో పోయిన రద్దు అధికారం 2021లో సెనేట్ బిల్లు 2తో తిరిగి వచ్చింది. 2023 నుంచి శాఖలు తీవ్ర ఆరోపణల్ని 10 రోజుల్లో పోస్ట్‌కి పంపాలి, జనం కూడా నేరుగా పెట్టవచ్చు. న్యూజెర్సీ అయితే మొన్నమొన్నటి దాకా లైసెన్సే లేని రాష్ట్రం, 2022లో చట్టం చేసింది. టెక్సస్‌లో టీకోల్ ఎప్పటినుంచో లైసెన్సు ఇస్తున్నా, అధికారిని అదుపు చేసే శక్తి లేదని ప్రభుత్వ సంస్థల పనితీరు సమీక్షించే అక్కడి సన్‌సెట్ కమిషన్ సిబ్బందే తేల్చారు. 2023లో కొంత బలపరిచారు. అయినా టెక్సస్‌లో ఇప్పటికీ ముందు శాఖలోని అంతర్గత విచారణ విభాగానికి (ఇంటర్నల్ అఫైర్స్), రాతపూర్వకంగా, సంతకంతో ఇచ్చి తర్వాత టీకోల్‌కి వెళ్లడమే మంచిదని నా సలహా.

ఒక రాష్ట్రం రద్దు చేస్తే ఇంకో రాష్ట్రం దానికి కట్టుబడి ఉండదు, అది గుర్తుంచుకోండి. రాష్ట్రాల కమిషన్ల సంఘం రెండు దశాబ్దాలకు పైగా నేషనల్ డీసర్టిఫికేషన్ ఇండెక్స్ (సర్టిఫికేట్ రద్దయినవాళ్ల జాతీయ జాబితా) నడుపుతోంది. అందులో అధికారి పేరు కొడితే ఏ రాష్ట్రం చర్య తీసుకుందో మాత్రమే తెలుస్తుంది, వివరాలకి ఆ రాష్ట్రానికి రాయాలి. అది మనకి తెరవరు, శాఖలకే. రాష్ట్రాలు అందులో చేర్చడం కూడా వాటి ఇష్టం. కేంద్ర అధికారుల కోసం 2023 డిసెంబరులో మొదలైన జాతీయ డేటాబేస్‌ను 2025 జనవరిలో మూసేశారు. ఐస్ (ఇమిగ్రేషన్ అధికారులు), ఎఫ్‌బీఐ, సరిహద్దు అధికారులకి రాష్ట్ర సర్టిఫికేట్ ఉండదు, వాళ్ల మీద ఈ దారి పనికిరాదు.

ఇక మీ చివరి ప్రశ్న, ఇండియా నుంచి తల్లిదండ్రులు పెట్టవచ్చా

పెట్టవచ్చు. చట్టంలో ఉన్న మాట 'ఏ వ్యక్తి అయినా'. ఫిర్యాదు ఇంగ్లిష్‌లో రాయించి, తాము చనిపోయినవారికి ఏమవుతారో మొదటి పేరాలోనే చెప్పమనండి. తాము చూడని విషయాల్ని చూసినట్టు రాయవద్దు, శాఖ తేల్చిన పత్రాల్ని, వార్తల్లో వచ్చిన వీడియోని చూపిస్తే చాలు. అమెరికాలో ఉన్న ఒక బంధువు ఫోన్ నంబరు ఇవ్వడం మంచిది, దర్యాప్తు అధికారి పగటిపూట చేసే కాల్ ఇక్కడ అర్ధరాత్రి వస్తుంది.

ఫిర్యాదు మీరే పెట్టినా, సాక్షిగా ఉన్నా, చిరునామా విషయం మర్చిపోకండి. చదువు అయిపోగానే ఓపీటీ (విద్యార్థి వీసా మీద పనిచేసే అనుమతి) మీద డల్లాస్‌కో న్యూజెర్సీకో వెళ్లిపోతారు, పాత యూనివర్సిటీ ఈమెయిల్ కొన్నాళ్లకి ఆగిపోతుంది. విచారణ నోటీసు ఖాళీ చేసిన అపార్ట్‌మెంట్‌కి వెళ్తే ఉన్న ఒక్క సాక్షి దొరకడు. ఫిర్యాదు సొంత జీమెయిల్‌తో పెట్టండి, వచ్చిన కేసు నంబరు దాచుకోండి, ఇల్లు మారిన ప్రతిసారీ ఆ నంబరు వేసి కమిషన్‌కి రెండు లైన్లు రాయండి.